మంచు మీద మా మామ సేఫ్టీ వాల్వు

అత్త ఫోన్ వచ్చినప్పుడు నేను పని బల్ల మీద ఒక స్కీ బూటు పెట్టి దాని మడమ అరిగిందా లేదా అని చూస్తున్నాను. "మీ మామ పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడు. కూసున్నోడు కూసున్నట్టే..." అని ముక్కు చీదింది. మళ్ళీ తనే, "నిన్న గూడ గా మంచు ముచ్చటే. పాలాయనను గేటు కాడ నిలవెట్టి జెప్పిండు. ఆయన పాలు ఇరిగిపోతయని మొత్తుకున్నా ఇడువలే" అంది.

ఏడుపొచ్చింది. కానీ పాల క్యాను కింద పెట్టించి, మోకాలు వంచి, వెనక్కి పడబోతున్నట్టు చూపిస్తున్న మామ కళ్ళ ముందు కనిపించేసరికి ఏడుపు మధ్యలోనే నవ్వు కూడా వచ్చేసింది. అందుకే ముందే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. ఈ మనిషి గురించి గొంతు తగ్గించి, మెల్లగా, పద్ధతిగా చెప్పడం నా వల్ల కాదు. ఆయనే ఎప్పుడూ గొంతు తగ్గించలేదు!

ఆయన మా అమ్మ తమ్ముడు. మాది జగిత్యాల వైపు పల్లె. తన బతుకులో ఎక్కువ భాగం సౌదీలోని జుబైల్‌లో, ఒక వాల్వ్ వర్క్‌షాపులో గడిపాడు. ఆయన పని సేఫ్టీ వాల్వులు. ఫ్యాక్టరీ పైపుల్లో ఒత్తిడి హద్దు దాటితే తనంతట తానే తెరుచుకుని, ఆ ఒత్తిడిని బయటికి వదిలేసి, ప్లాంటు పేలిపోకుండా కాపాడేదే సేఫ్టీ వాల్వు. మన కుక్కర్ విజిల్‌కి పెద్దన్న అనుకోండి. బల్ల మీద బిగించి ఒత్తిడి పెంచుతూ పోతారు. సరిగ్గా అనుకున్న అంకె దగ్గర అది టప్‌మని తెరుచుకోవడాన్ని ఇంగ్లీషులో పాప్ అంటారు, మావాళ్ళ నోట్లో అది "పాపైంది". పాపైన వాల్వు స్క్రూకి సన్నటి తీగ చుట్టి, సీసం ముద్ర వేస్తారు. ఆ ముద్ర ఉన్న వాల్వు జోలికి మళ్ళీ దాన్ని సెట్ చేసే మనిషి తప్ప ఇంకెవరూ పోకూడదు. మా మామ ముద్ర వేస్తున్నప్పుడు నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకునేవాడు. ఎవరి గదికి భోజనానికి పిలిచినా ముందు వంటింట్లోకి వెళ్ళి కుక్కర్ మూత తీసి చూసేవాడు. ఆ తర్వాతే ఇంట్లోవాళ్ళ క్షేమం అడిగేవాడు.

నన్ను సౌదీకి రప్పించింది ఆయనే. నేను షట్‌డౌన్ పనుల్లో, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతుల్లో, పైప్ ఫిట్టర్ని. చుక్క కారితే నా పరువు పోయినట్టు ఉండేది నాకు, కనబడ్డ ప్రతి బోల్టూ బిగించేవాణ్ణి. మామది దానికి అడ్డం. "బిగించుడు అందరికొస్తది అల్లుడా, ఎప్పుడు ఇడువాల్నో తెల్వాలె" అనేవాడు. "నువ్వు ఇడుస్త ఉండు, నేను బిగిస్త ఉంట, ప్లాంటు మాత్రం నడుస్తది" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. చాయ్ దగ్గర మా ఇద్దరి పంచాయితీ వినడానికి జనం చేరేవాళ్ళు.

ఆయన కుంటుతూ నడిచేవాడు. ఒక షట్‌డౌన్‌లో ఇనుప మెట్లు దిగుతుంటే బూటు జాలీలో ఇరుక్కుంది. ఒళ్ళు మాత్రం పక్కకి తిరిగిపోయింది. "కాలు ఆడనే ఉండె, మనిషి ఇటు మల్లె. నడుమ మోకాలు ఏం జేస్తది పాపం?" అని తన మోకాలిని తానే జాలిగా తడుముకునేవాడు. లోపలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ అయినా ఆ కుంటు పోలేదు. "బూటు ఇడిసివెడితే నేను దొర్లి పడేటోన్ని, దులుపుకొని లేసేటోన్ని. ఇడువలే" అనేవాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కథంతా ఇక్కడే ఉంది.

తర్వాత నా కాంట్రాక్టు అయిపోయి రియాద్ వచ్చాను. ఒక పెద్ద మాల్‌లో మంచు హాలు ఉంది. బయట నెత్తి మాడే ఎండ, లోపల నిజం మంచు, జారడానికి ఒక వాలు. అక్కడ అద్దెకిచ్చే స్కీలను సరిచూసే పని దొరికింది. ఫోన్‌లో చెబితే మామ పడీ పడీ నవ్వాడు. "ఎడారిల మంచుకు ఫిట్టరా! గిదేం నౌకరిరా అల్లుడా!" అన్నాడు. అన్నాడే కానీ ఆ వారమే గురువారం బస్సెక్కి వచ్చేశాడు, మంకీ క్యాప్‌తో సహా.

అబ్బ, ఆ శుక్రవారం! స్కీకి బూటును పట్టి ఉంచే బిగింపును బైండింగ్ అంటారు. ముందు ఒకటి కాలివేళ్ళ వైపు, వెనక ఒకటి మడమ వైపు. లోపల స్ప్రింగు, దాన్ని బిగించే స్క్రూ, పక్కన చిన్న కిటికీలో అంకెలు. మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, ఎంత దూకుడుగా జారతాడు అన్నవి చూసి ఆ అంకె పెడతాం. పడినప్పుడు కాలి మీద మెలిక ఆ హద్దు దాటితే బైండింగ్ తెరుచుకుని బూటును వదిలేయాలి. నేను ఇంత చెప్పానో లేదో, మామ బైండింగ్‌ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, "అల్లుడా! ఇది సేఫ్టీ వాల్వే గదరా! పైపుకు బదులు బొక్క ఉన్నది, గంతే!" అని కేక పెట్టాడు. బూట్లు తొడుక్కుంటున్న సౌదీ కుటుంబం మొత్తం ఉలిక్కిపడి మా వైపు చూసింది.

బల్ల మీద బూటు తగిలించి, రెండు చేతులతో పక్కకి మెలితిప్పాడు. ముందు బైండింగ్ టప్‌మని తెరుచుకుంది. "పాపైంది!" మళ్ళీ తగిలించాడు. మళ్ళీ టప్. "పాపైందిరో!" నాకు కస్టమర్లు వరస కట్టి ఉన్నారు, ఈయనకు ఆట అయిపోయింది. చివరికి బూటు నా చేతిలో పెట్టి, "నాకూ తొడుగు, నేనూ జారుత" అన్నాడు.

"ఆ మోకాలు పెట్టుకొనా?"

"మోకాలు కోసమే గద గిది ఉన్నది?"

"ఇది అన్ని దిక్కులా తెరుచుకోదు మామా. ముందుది పక్కకు తెరుచుకుంటది, ఎనకది మీదికి లేస్తది. గంతే."

మామ ముఖంలో నవ్వు ఆగింది. "మరి ఎనకకు పడితే?" అన్నాడు.

అసలు సంగతి అదే. కొత్తవాళ్ళు భయంతో వెనక్కి వాలతారు. నడుము మోకాళ్ళ కిందికి దిగుతుంది, బరువంతా ఒక స్కీ వెనక కొస మీద, అంటే తోక మీద, అదీ లోపలి అంచు మీద పడుతుంది. ఆ తోక మంచును కోసుకుంటూ తన దారిన తాను తిరిగిపోతుంది, పిక్కను కూడా తిప్పుకుపోతుంది. ఆ మెలిక మడమ దగ్గర పుడుతుంది కాబట్టి ముందున్న బైండింగ్‌కి దాని సంగతే సరిగ్గా తెలియదు. అది తెరుచుకోదు. మడమదేమో పైకి తప్ప పక్కకు తెరుచుకోదు. మోకాలి లోపలి లిగమెంట్ తెగుతుంది. వింటున్నంతసేపూ మామ చెయ్యి తన మోకాలి మీదే ఉంది. "నా మెట్ల కథనే గదరా ఇది. గా దిక్కుకు దర్వాజ లేదు" అన్నాడు మెల్లగా. ఆయన గొంతు తగ్గించడం నేను విన్నది ఆ ఒక్కసారే.

"ఆ దిక్కు దర్వాజ లేనంతవరకు నిన్ను మంచు ఎక్కియ్య. ఎంత మొత్తుకున్నా సరే" అన్నాను.

"అయితే దర్వాజ వెడుత. ఖురూజ్ కొట్టి ఇంటికి పొయ్యేలోపల మంచు మీద జారకపోతే నేను వాల్వోన్నే గాదు!"

ఖురూజ్ అంటే ఇక ఎప్పటికీ తిరిగి రాకుండా వెళ్ళిపోయే చివరి ముద్ర. ఆయన రిటైర్మెంటు దగ్గర పడింది. ఆలోపల జారాలి, మోకాలు మిగలాలి. అప్పట్నుంచి మా ఇంట్లో ఇంకో మాట లేదంటే నమ్మండి!

సెలవు దొరికినప్పుడల్లా సంచీతో దిగేవాడు. సంచీలో పాత వాల్వుల నుంచి తీసి పారేసిన స్ప్రింగులు, ఇత్తడి ముక్కలు. అల్మారా పలక ఒకటి ఊడదీసి, మా తువ్వాలుతో చెప్పుకి కట్టుకుని, పరుపు మీద వెనక్కి పడి చూసేవాడు. మా ఆవిడది నరసాపురం వైపు. ఇక్కడి ఆస్పత్రిలో ఎముకల వార్డు నర్సు. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి ఈ విన్యాసం చూసింది. "బాబాయిగారూ! లెగండి ముందు! ఆ మోకాలు మళ్ళీ తెంపుకుంటే తిన్నగా నా వార్డుకే వత్తారు. అప్పుడు చెప్తాను మీ పని!" అని తగులుకుంది.

"నీ వార్డుకు ఎవ్వరు రావద్దనే గద బిడ్డా జేస్తున్న" అన్నాడు మామ, పడుకునే.

దాంతో ఆవిడా చల్లబడింది. చల్లబడటమేమిటి, చేరిపోయింది! కుర్చీ లాక్కుని మోకాలు ఎలా కట్టి ఉంటుందో, ఏ లిగమెంట్ దేన్ని ఆపుతుందో గరిటెలు రెండు పెట్టి చెప్పింది. "ఏ బైండింగూ మోకాలికి గ్యారంటీ ఇవ్వదు బాబాయిగారూ, ముప్పు తగ్గిత్తాదంతే. ముందు మీ తొడ కండ గట్టిపడాలి" అని తీర్పిచ్చింది. బియ్యం సంచీ చీలమండకి కట్టుకుని కాలు ఎత్తి దించే కసరత్తు పెట్టింది. మామ జుబైల్ క్యాంపులో మంచం మీద కూర్చుని అది చేస్తుంటే, గదిలో ఉండే పాకిస్తానీ భాయి, బెంగాలీ భాయి పక్కన నిలబడి "ఔర్ ఏక్, చాచా! ఔర్ ఏక్!" అని అరిచేవాళ్ళు. మా ఆవిడ వీడియో కాల్‌లో చూసి దొంగ లెక్కలు పట్టుకునేది.

మామ ఆలోచన ఇది. మడమ పట్టుకి కింద ఒక ఇరుసు పెట్టాలి. దాన్ని నడిమధ్యలో నిలిపి ఉంచే స్ప్రింగు పెట్టాలి. మెలిక హద్దు దాటితే మడమ పక్కకు జారి బయటపడాలి. చేసి చూపించాడు కూడా. వచ్చిన చిక్కల్లా, నేను ఆ పలక కట్టుకుని హాల్లో నాలుగడుగులు వేసేసరికే టప్! కాలు తీసినా టప్, కాలు పెట్టినా టప్. నేను నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాను. "నవ్వకురా. ఊకె పేలే వాల్వు గూడ దొంగ వాల్వే. జారేటోని కాలు నడుమల ఇడిసిపెడితే వాడు పోయి గోడకు గుద్దుకుంటడు. పట్టాల్నప్పుడు పట్టాలె, ఇడువాల్నప్పుడు ఇడువాలె. ఆ రెండిటి నడుమ ఉన్నదే మన నౌకరి" అన్నాడు, మళ్ళీ స్ప్రింగు మారుస్తూ.

ఇలా ఉండగా నేను పనిలో ఫోన్‌లో వెతుకుతుంటే ఒకటి కనబడింది. మడమ పక్కకు కూడా తెరుచుకునే బైండింగ్! ఎవరో ఎప్పుడో చేసేశారు, అమ్ముతున్నారు కూడా! ఇన్నాళ్ళ ఆయన కష్టం బూడిదలో పోసిన పన్నీరైందే అనుకున్నాను. చెప్పాలా వద్దా అని తటపటాయించి, చివరికి చూపించాను. మామ కళ్ళద్దాలు పైకి తోసి చాలాసేపు చూశాడు. తర్వాత తొడ చరిచాడు. "అరె! ఎవడో నా లెక్కనే సోచాయించిండురా! అంటే నా బుర్ర సక్కగనే నడుస్తుంది!" అని లేచి, బియ్యం కడుగుతున్న మా ఆవిడ దగ్గరికి కుంటుకుంటూ పరుగెత్తాడు. "బిడ్డా, నేను కరెక్టంట! దేశం అవుతల వాడెవడో గూడ గిట్లనే అన్నడు!" ఆరోజు ఇంట్లో పాయసం.

ఇక మిగిలింది మా మేనేజరు. ఈజిప్టు మనిషి, మంచివాడే. కాని కస్టమర్ల గొడవ ఆయనది. మా హాలుకొచ్చేవాళ్ళకి స్కీ ఊడిందంటే అది పాడైందనే లెక్క. పైగా నలుగురిలో పరువు తక్కువ. "నాది ఊడింది, గట్టిగా బిగించు" అని కౌంటర్ మీద కొట్టి అడుగుతారు. మేనేజరూ నాతో "బిగించెయ్, ఖలాస్" అనేవాడు. నేను నసుగుతూ దాటేస్తూ వచ్చాను. అలాంటివాడి దగ్గరికి మామ నన్నూ మా ఆవిడనూ వెంటేసుకుని తిన్నగా వెళ్ళి, ఫోన్‌లో బొమ్మ చూపించి, తనకొచ్చిన హిందీ, అరబిక్ అంతా కలిపి కొట్టాడు. "ముదీర్, వాల్వ్ ఖులా తో వాల్వ్ ఖరాబ్ నహీ. వాల్వ్ ఖులా, ప్లాంట్ బచ్ గయా!" వాల్వు తెరుచుకుందంటే పాడైనట్టు కాదు, ప్లాంటు బతికినట్టు అని! ఆ పిమ్మట ప్యాంటు మోకాలి పైకి మడిచి తన ఆపరేషన్ మచ్చ చూపించాడు.

మేనేజరు ఆ మచ్చ చూశాడు. తను కూడా ప్యాంటు పైకి లాగాడు. ఆయనకీ మచ్చ! చిన్నప్పుడు ఫుట్‌బాల్ ఆడుతూ తెగిందట. ఇద్దరూ మోకాళ్ళు పక్కపక్కన పెట్టుకుని ఎవరి కుట్లు బాగా పడ్డాయో చూసుకుంటుంటే నేనూ మా ఆవిడా నోళ్ళు తెరిచి నిలబడ్డాం. ఆ కొత్తరకం బైండింగ్ ఉన్న స్కీలు కొన్ని జతలు, కొత్తవాళ్ళకీ పెద్దవాళ్ళకీ అని, ఆయనే తెప్పించాడు. వచ్చేసరికి మామ ఖురూజ్ ముద్ర కూడా పడింది. విమానానికి వారం కూడా లేదు.

ఆ రోజు మొదటి జత ఆయనకే పెట్టాను. బరువు చూశాను. వయసు యాభై దాటింది కాబట్టి అంకె ఒక మెట్టు కిందికి దించాను. "నన్ను ముసలోన్ని జేసినవా?" అని గునిశాడు. "ఎట్ల జారుతవ్? భయపడుకుంటనా, మామూలుగనా, దూకుడుగనా?" అంటే మాత్రం రొమ్ము విరిచి, "భయపడుకుంట! వాల్వోనికి గంతకన్న పెద్ద డిగ్రీ లేదు" అన్నాడు. బల్ల మీద మెలితిప్పి చూశాం. ముందుది పక్కకి టప్, మడమ పైకి టప్, మడమ పక్కకి టప్. మూడు దిక్కులా పాపైంది.

ఎర్ర జాకెట్టు, మంకీ క్యాపు, కాళ్ళకి స్కీలు. చూడాలి మా మామని! స్కీ నేర్పే సౌదీ అమ్మాయి ఆయనకెదురుగా వెనక్కి నడుస్తూ చేతులు చాచి "స్లోలీ, అంకుల్, స్లోలీ" అంటోంది. కింద నా పక్కన మా ఆవిడ వార్డు రౌండుకొచ్చిన డాక్టరులా చేతులు కట్టుకుని నిలబడింది. చిన్న వాలే, పిల్లలు నేర్చుకునేది. మామ కదిలాడు. జారాడు! నిజంగా జారాడండీ! "అల్లుడా, పోతున్నరా, పోతున్న!" అని హాలంతా మోగేలా అరిచాడు. వేగం కొంచెం పెరిగింది. భయం వేసింది కాబోలు, వెనక్కి వాలాడు. నడుము దిగింది. కుడి స్కీ తోక మంచును కోస్తూ తిరగడం నేను చూశాను. అదే పడటం! సరిగ్గా అదే!

టప్.

బూటు మడమ పక్కకు జారి బయటికి వచ్చేసింది. మామ వెల్లకిలా పడ్డాడు. మా ఆవిడ చెప్పులతోనే మంచులోకి పరుగెత్తింది. నేనూ వెనకే పరుగెత్తాను. వెళ్ళేసరికి ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నోట్లోంచి ఆవిరి. "పాపైందిరా! సెట్ జేసిన కాడనే పాపైంది! ఆగు బిడ్డా, మోకాలు మంచిగుంది, ఆగు, మళ్ళొక్కసారి పడుత!" మా ఆవిడ మంచులోనే మోకరించి ఆయన మోకాలు వంచి, చాచి, నొక్కి చూసింది. ఏమీ కాలేదని తెలిశాక అక్కడే కూర్చుని ఏడ్చేసింది. "ఏడుస్తవేంది పిచ్చి బిడ్డా, ఇడిసిపెట్టింది గద!" అన్నాడాయన.

వెళ్ళిపోయే ముందు రోజు వచ్చి ఆ జత అడిగాడు. జేబులోంచి తీగ, సీసం, ముద్ర వేసే పటకారు తీశాడు. నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, బైండింగ్ స్క్రూ మీదుగా తీగ చుట్టి ముద్ర వేశాడు. "ఇగ ఎవ్వడు ముట్టద్దు" అని నవ్వాడు. నేను దాన్ని అన్నిటికంటే పై అరలో పెట్టాను. "అద్దెకివ్వని స్కీ ఎందుకు?" అని మేనేజరు అడిగేవాడు, మళ్ళీ తన మోకాలు తడుముకుని ఊరుకునేవాడు.

అత్త ఫోన్ పెట్టేశాక నేను ఆ పై అర వైపే చూస్తూ కూర్చున్నాను. అది ఎప్పటికీ అక్కడే ఉండాలి, ఆయన అంకె మీదే ఉండాలి అనుకున్నాను. ఆరోజు శుక్రవారం, జనం ఎక్కువ. ఒక సౌదీ పెద్దావిడ మనవరాళ్ళతో వచ్చింది. ఆవిడే జారుతుందట! మనవరాళ్ళు వద్దంటున్నారు, ఆవిడ వినడం లేదు. కొత్తరకం జతలన్నీ మంచు మీదికి వెళ్ళిపోయాయి. మిగిలినవి పాతవి, ఆ దిక్కు దర్వాజ లేనివి. "ఆలస్యమవుతుందా?" అని ఆవిడ అడిగింది. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

నాకు జుబైల్ వర్క్‌షాపు గుర్తొచ్చింది. ప్రతి షట్‌డౌన్‌లో మామ చేసే మొదటి పని పాత సీసం ముద్రలన్నీ కత్తిరించడం. తను వేసినవే, ఒక్క క్షణం ఆలోచించకుండా. "అయ్యో, గంత మంచిగ ఏసినవ్ గద" అంటే, "దాసుకునేతందుకు ఏసిన్నా? మళ్ళ సెట్ జేసెతందుకు" అనేవాడు.

నిచ్చెన వేసి ఆ జత దించాను. కటింగ్ ప్లయర్ అందుకున్నాను. తీగ తెంచాను. ఆవిడ బరువు, వయసు, బూటు చూసి స్క్రూ తిప్పాను. చిన్న కిటికీలో మామ అంకె కదిలి పక్కకు పోయింది, ఆవిడ అంకె వచ్చింది. బల్ల మీద మూడు దిక్కులా చూశాను. సీసం ముద్ర జేబులో వేసుకున్నాను.

ఆవిడ వాలు మీద కొంత దూరం బాగానే వెళ్ళింది. తర్వాత అందరిలాగే వెనక్కి వాలింది. టప్‌మన్న చప్పుడు అద్దం గోడ ఇవతల, నా బల్ల దగ్గరికి వినబడలేదు. కానీ నా నోటి నుంచి "పాపైంది!" అని కేక వచ్చింది, మామ గొంతంత గట్టిగా. కౌంటర్ దగ్గరున్న వాళ్ళందరూ తిరిగి చూశారు. నేను కళ్ళు తుడుచుకోలేదు. అవతల ఆవిడ నల్లటి అబాయా మీద మంచు పొడితో వెల్లకిలా పడి నవ్వుతోంది. మనవరాళ్ళు చేతులు పట్టి లేపుతున్నారు, ఆవిడ తన రెండు కాళ్ళ మీద తాను లేస్తోంది. పక్కనే ఆ స్కీ ఎటూ జారిపోకుండా తన రెండు బ్రేకు కాళ్ళు మంచులో దింపుకుని, ఖాళీగా, ఆవిడ మళ్ళీ ఎక్కేదాకా ఆగి ఉంది.